లెక్క ముందే చేసేసిన పిల్లకు ఏం చెప్పాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఈ బడిలో చదువుకుని, తర్వాత ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశాను. కాబట్టి నా దగ్గర మీకు లెక్క తప్పదు.

ఒక కుప్ప మామిడిపళ్లు. రాజు ఆరో వంతు తీసుకున్నాడు. మిగిలినదాంట్లో రాణి అయిదో వంతు తీసుకుంది. ఆపైన మిగిలినదాంట్లోంచి ముగ్గురు రాకుమారులు వరుసగా నాలుగో వంతు, మూడో వంతు, సగం తీసుకున్నారు. ఆఖరి పిల్లవాడికి మూడు పళ్లు మిగిలాయి. మొత్తం ఎన్ని?

ఇది తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహంలోది. ఆ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రసాలు, బంగినపల్లి కాసే ఊళ్లో ఉండి ఈ లెక్క తెలియకపోతే ఎలా అని ప్రతి ఏడూ తొమ్మిదో తరగతికి ఇచ్చేవాణ్ణి.

చాలామంది ఎక్స్ అనుకుని, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి 18 తెస్తారు. ఒకరిద్దరు మాత్రం రెండు నిమిషాల్లో చెప్పేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. వాళ్లను మనం ఏం చేస్తాం? చాక్‌పీసులు తెమ్మంటాం. వెనక బెంచీ వాళ్ల నోట్సు దిద్దమంటాం. లేదా అలాంటివే ఇంకో పది చెయ్యమంటాం. పని త్వరగా ముగించినందుకు ఇది శిక్ష కాదూ! ఈమధ్య ఎనిమిదో తరగతిలోనే ఇంటర్ సూత్రాలు బట్టీ పట్టిస్తున్నారు. కార్బైడు పెట్టిన కాయ సంగతి మన తోటల వాళ్లకు నేను చెప్పాలా? పైకి పసుపు, లోపల పులుపు.

నేను అదే లెక్కను వదలకుండా అడిగేవాణ్ణి. ఒక్కొక్కరికి ఎన్ని వచ్చాయో చూడు. అందరికీ మూడే! ఎందుకలా? పదిమందికి ఇలాంటి లెక్క నువ్వే కట్టు. సరే, ఇప్పుడు వరుస తిరగెయ్యి: రాజు సగం, రాణి మూడో వంతు, అలా ఆరో వంతు దాకా. ఆఖరివాడికి మళ్లీ మూడే మిగిలితే కుప్ప ఎంత? మళ్లీ 18 అని తేలాక ఆ పిల్లల ముఖాలు చూడాలి. రాజుకు తొమ్మిది పోతాయి, పెద్ద రాకుమారుడికి పండున్నర వస్తుంది, మొత్తం మాత్రం మారదు. దీనికి కారణం చెప్పడానికి ఒకమ్మాయికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆమె కిటికీ వైపు చూడలేదు.

ఇంకొక రకం పిల్లలున్నారు. తోటలో కాటా దగ్గర నాన్నకు టన్నుల లెక్క, తరుగు, కమీషను నోటితో చెప్పేస్తారు. బడిలో లెక్క చదవమంటే రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు. మనం మొద్దు అనేస్తాం. లెక్క పైకి చదివి వినిపించి చూడండి. చురుకైన పిల్లలంటే చదవగలిగిన పిల్లలే అనుకోవడం వల్ల ఎందరిని పోగొట్టుకున్నామో!

తెలుగు తరగతిలోనూ ఇదే. చురుకైన పిల్ల జూన్‌లోనే వాచకం మొత్తం చదివేస్తుంది. ఆ తర్వాత ఏడాదంతా ప్రశ్నలు, జవాబులు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటి కథ. పెద్ద తరగతిలో అది ఇచ్చి, గోపాలరావు నిజంగా మారాడా, ఆ పూటకు భయపడ్డాడా అని అడగండి. కథలోంచే సాక్ష్యం చూపించమనండి. గైడులో దొరకని ప్రశ్న అది.

2008లో మన ఊరికి ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలకు తలుపు తెరిచింది. అది గొప్ప మేలు. అయితే పదికి పది తెచ్చుకుంటూ ఒక్కసారీ ఎక్కడా ఆగిపోని పిల్ల, పదహారో ఏట ఇంటికి దూరంగా మొదటిసారి ఆగిపోతే, తనకు తెలివి లేదనుకుంటుంది. అందుకే ఆ ఆగిపోవడం ఏదో ఇక్కడే, మన ముందే జరగాలంటాను.

సంఘంవారికి ఒక మనవి. ఫస్టు వచ్చినవాళ్లకు వెండి పతకాలు ఇస్తామన్నారు, సంతోషం. దాంతోపాటు గ్రంథాలయం బీరువా తాళంచెవి పిల్లల చేతికి ఇప్పించండి. నెలకొక శనివారం మీలో ఒకరు వచ్చి, పరీక్షలో రాని ఒక ప్రశ్నతో ఓ గంట కూర్చోండి. మొదటి శనివారానికి నేను పేరు ఇచ్చేశాను. రెండోది ఖాళీగా ఉంది.