పాల బండికి చలికాలం: థర్మోస్టాటు తీసివేయవచ్చునా?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో నెల్లూరు తీర ప్రాంతంలో చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, వెన్న శాతం లెక్కలు అడుగుతాడని మీకు తెలుసు. ఈ రోజు అవేవీ అడగబోవడం లేదు. అరచేతిలో ఇమిడే ఒక చిన్న వస్తువును గురించి మాట్లాడదలచాము. దాని పేరు థర్మోస్టాటు. ఉద్యోగంలో చేరకముందు మేము పాలిటెక్నిక్కులో ఆటోమొబైల్ డిప్లొమా చదివాము గనుక ఈ పని మాకు అప్పగించారు. అయితే డిప్లొమా చదివి కూడా మేము ఒక పొరపాటు చేశాము. ముందుగా దానినే మనవి చేస్తాము.

జరిగిన సంగతి

కొన్నేళ్ల క్రిందట మేము చూస్తూ వుండిన ఒక రూటులో తొమ్మిది సంఘాల పాలు ఒకే వ్యానులో శీతలీకరణ కేంద్రానికి చేరేవి. రోహిణి కార్తెలో ఆ బండి రేడియేటరు తరచుగా మసలడం మొదలైంది. డ్రైవరు మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్లాడు. "ఈ థర్మోస్టాటు చలిదేశాల వాళ్లకండీ, మన ఎండలకు దీనితో పనేమిటి?" అని అతడు దాన్ని తీసి పక్కన పడేశాడు. బిల్లు స్వల్పం. కొత్త రేడియేటరు ఖర్చు తప్పిందని కమిటీ సంతోషించింది. బిల్లు మీద మేమూ సంతకం చేశాము.

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున బండి తెల్లటి పొగ వదిలేది. లాగ్ పుస్తకంలో డీజిలు పెరుగుతూ వచ్చింది. డ్రైవరు మాత్రం ఒక శుభవార్త చెప్పాడు: "ఇంజను ఆయిలు తగ్గడం లేదు సార్, పైగా పుల్ల మీద కొంచెం పెరిగి కనిపిస్తా వుంది." మేము విని ఊరుకున్నాము. అది శుభవార్త కాదు. కాలని డీజిలు సిలిండరు గోడల వెంట జారి కింద ఆయిలులో కలుస్తున్నదని అర్థం.

సంక్రాంతి వారంలో ఒక ఉదయం ఇంజను పట్టేసి, బండి రోడ్డు మధ్యలో నిలిచిపోయింది. పలచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేకపోయింది. మరో బండి దొరికి క్యాన్లు కేంద్రం చేరేసరికి పదకొండు గంటలు దాటింది. మరగబెట్టి చూస్తే పాలు విరిగాయి. తొమ్మిది సంఘాల పాలూ తిరుగుముఖం పట్టాయి.

మరునాడు ఒక సంఘంలో ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి అడిగింది. ఆమెకు ఒకే ఒక బర్రె. పోసేది పూటకు లీటరున్నర. "నా పాలు మంచివే గదయ్యా?" అన్నది. డబ్బు సంగతి ఎత్తలేదు. తన పాలలో ఏదో లోపమున్నదేమోనని ఆమె బాధ. "మంచివేనమ్మా, తప్పు బండిది" అన్నాము. తప్పు బండిది కాదు, మా సంతకానిదని అప్పుడు చెప్పలేకపోయాము. అందుకే ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాము.

థర్మోస్టాటు చేసే పని

డెయిరీలో పాశ్చరైజరు చూసిన వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ పాలు 72 డిగ్రీల వేడిలో 15 సెకండ్లు వుండాలి. ఆ వేడికి రాని పాలను ఒక వాల్వు ముందుకు పోనివ్వక వెనక్కు మళ్లిస్తుంది. ఇంజనులో థర్మోస్టాటు చేసేదీ అదే. నీరు తగినంత వేడెక్కేదాకా రేడియేటరు వైపు పోనివ్వక, పక్కదారిన తిరిగి ఇంజనుకే పంపుతుంది. వేడెక్కిన తర్వాత దారి తెరుస్తుంది.

దాని లోపల వున్నది మైనం. కరిగినప్పుడు మైనం ఉబ్బి వాల్వును తోస్తుంది. చల్లారితే స్ప్రింగు వాల్వును మూస్తుంది. 1930ల నుంచి వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతే నేటికీ నడుస్తున్నది. ఏ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందో ఆ అంకె దాని మీద చెక్కి వుంటుంది. 71, 82, 88 వంటి అంకెలు మీరు చూడవచ్చు. పూర్తిగా తెరుచుకోవడానికి మరో పది పదిహేను డిగ్రీలు కావాలి.

ఇక్కడ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి. ఇంజను వేడి ఇంతకంటె తగ్గకూడదు అని చూసేది థర్మోస్టాటు. ఇంతకంటె పెరగకూడదు అని చూసేవి రేడియేటరు, ఫ్యాను, బెల్టు, వాటరు పంపు, రేడియేటరు మూత. కాబట్టి మసిలే బండికి థర్మోస్టాటు తీసివేసినా, తక్కువ డిగ్రీలది బిగించినా జబ్బు నయం కాదు. మసిలే గడియ కొంచెం వాయిదా పడుతుంది, అంతే. పైగా చాలా ఇంజన్లలో థర్మోస్టాటు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని అడుగు బిళ్ల పక్కదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే వుంటుంది. కొంత వేడినీరు రేడియేటరు మొహం చూడకుండానే ఇంజనులో తిరుగుతుంది. ఎండాకాలంలో మేలు జరగకపోగా కీడు జరగవచ్చు.

బిగించి వుండి, తెరుచుకోక మూసుకునే పట్టేసిన థర్మోస్టాటు మాత్రం ఇంజనును మసలబెడుతుంది. దానికి మందు కొత్తది వేయడం. తీసి పారేయడం కాదు.

చలి ఎక్కడిది?

"మన నెల్లూరులో చలి ఎక్కడిది?" అని మీరు అడగవచ్చు. నిజమే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మన తీరంలో 20 డిగ్రీలకు అటూ ఇటూ వుంటుంది. లంబసింగి వంటి మన్యం ఊళ్లలోనైతే సున్నా దరిదాపులకు పడిపోయిన రోజులున్నవి. అమెరికా ఉత్తరాన వున్న మన పిల్లలు సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన కార్లు నడుపుతారు. అక్కడ కారు లోపల వెచ్చదనం కూడా ఇంజను నీటి నుంచే రావాలి. తక్కువ డిగ్రీల థర్మోస్టాటు వేసుకుంటే గోరువెచ్చని గాలితో సరిపెట్టుకోవాలి.

అసలీ తక్కువ డిగ్రీల రకానికి ఒక చరిత్ర వున్నది. పూర్వం చలిదేశాల్లో నీరు గడ్డకట్టకుండా రేడియేటరులో ఆల్కహాలు కలిపేవారు. అది త్వరగా ఆవిరైపోయేది గనుక 71 డిగ్రీల దగ్గరే తెరుచుకునే థర్మోస్టాటు వాడేవారు. తర్వాత గ్లైకాల్ కూలెంటు వచ్చి ఆ అవసరం తీరిపోయింది.

మన పాల బండికి చలి వాతావరణం వల్ల కాదు, చేసే పని వల్ల వస్తుంది. నాలుగు గంటలకు స్టార్టు చేస్తాము. రెండు మైళ్లు పోయి ఒక సంఘం దగ్గర ఆపుతాము. క్యాన్లు ఎక్కే దాకా ఇంజను ఊరికే తిరుగుతూ వుంటుంది. మళ్లీ రెండు మైళ్లు, మళ్లీ ఆగడం. థర్మోస్టాటు వుంటే త్వరగా వేడెక్కి ఆ వేడి నిలుస్తుంది. లేకుంటే రూటు ముగిసేదాకా చాలినంత వేడి పుట్టదు.

చల్లని ఇంజనులో మూడు నష్టాలు. ఒకటి, డీజిలు పూర్తిగా కాలదు. రెండు, కాలిన వాయువుల్లోని తేమ సిలిండరు గోడల మీద నీరుగా దిగి ఇనుమును తింటుంది. పూర్వపు డీజిలులో గంధకం ఎక్కువ గనుక ఆమ్లం కూడా తయారయ్యేది. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే డీజిలులో గంధకం పది లక్షల భాగాల్లో 10 భాగాలకు తగ్గింది. ఆమ్లం బాధ తగ్గింది గాని తేమ బాధ తగ్గలేదు. మూడు, నీరు, ఆయిలు కలిసి చిలికిన మీగడలా మూత కింద పేరుకుంటుంది. అటువంటి మీగడ మనకు అక్కరలేదు.

కొత్త బండ్లలో మరో సంగతి. ఇంజను తగిన వేడికి వచ్చిందా లేదా అని కంప్యూటరు చూస్తూ వుంటుంది. రాకపోతే హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. పొగగొట్టంలోని మసి జల్లెడ శుభ్రపడటానికీ ఆ వేడి కావాలి. కాబట్టి తయారీదారు చెప్పిన డిగ్రీల థర్మోస్టాటు తప్ప మరొకటి బిగించరాదు.

దీని లెక్క

రూటు రోజుకు 120 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండి 12 లీటర్లు తాగుతుంది. 9 కిలోమీటర్లకు దిగితే 13 లీటర్ల పైచిలుకు. రోజుకు ఒకటింబావు లీటరుకు పైన, నెలకు 40 లీటర్లు. థర్మోస్టాటు ధరతో పోల్చి మీరే చూసుకోండి. ఇంజను రిపేరు, విరిగిన పాలు ఇందులో చేర్చలేదు.

అసలు దోషి ఎవరు?

ఆనాటి బండి ఇంజను విప్పినప్పుడు రేడియేటరు కూడా విప్పించాము. గొట్టాల్లో సగం సున్నపు పొరతో పూడిపోయి వున్నవి. బయట రెక్కల నిండా ఊకదుమ్ము. రూటులో ఎక్కడ నీళ్లు తగ్గితే అక్కడి బోరు నీళ్లు పోశారు. మన సముద్రపు ఒడ్డు బోర్ల నీళ్ల రుచి మీకు చెప్పనక్కర లేదు. ఉప్పు లోహాన్ని తింటుంది, సున్నం గొట్టాలను పూడుస్తుంది. తప్పు చేసింది ఉప్పునీళ్లు, శిక్ష పడింది థర్మోస్టాటుకు.

సంఘాలు చేయవలసినవి

ఒకటి: చల్లని ఇంజను స్టార్టు చేశాక రేడియేటరు పై గొట్టం మీద చేయి వేసి చూడండి. ఫ్యానుకు, బెల్టుకు చేయి దూరంగా వుండాలి. కొంతసేపు చల్లగానే వుండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాటు బాగున్నట్లు. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడితే అది లేనట్లు, లేదా తెరుచుకుని పట్టేసినట్లు. గేజి ముల్లు పైకి పోయినా గొట్టం చల్లగానే వుంటే మూసుకుని పట్టేసి వుండవచ్చు.

రెండు: అనుమానం వస్తే థర్మోస్టాటు విప్పించి, నీళ్ల గిన్నెలో అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి కాచండి. పక్కనే థర్మామీటరు వుంచండి. చెక్కిన అంకె దగ్గర తెరుచుకుంటున్నదా, చల్లారితే మూసుకుంటున్నదా చూడండి. ఆ గిన్నె, ఆ థర్మామీటరు మళ్లీ పాలకు వాడవద్దు.

మూడు: రేడియేటరులో తయారీదారు చెప్పిన కూలెంటు, శుద్ధిచేసిన నీరు తప్ప బోరునీరు పోయరాదు. బండిలో ఒక డబ్బా మంచినీరు ఎప్పుడూ వుండాలి. మసిలే రేడియేటరు మూత విప్పవద్దు.

నాలుగు: తీసిన కూలెంటును నేల మీద పారబోయవద్దు. గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా వుంటుంది. దూడలు, కుక్కలు నాకుతాయి.

అయిదు: తీసిన పాత భాగాన్ని, దాని బదులు వేసిన కొత్త భాగాన్ని చూడనిదే రిపేరు బిల్లు మంజూరు చేయరాదు. "తీసివేయడమైనది" అన్న మాట బిల్లులో కనబడితే "బదులు ఏమి వేశారు?" అని కార్యదర్శి అడగాలి. మేము ఆనాడు అడగని ప్రశ్న అదే.

బండి అద్దెది, మనకెందుకని అనుకోవద్దు. బండి అద్దెదైనా పాలు మనవి. ఒప్పందంలో ఈ షరతులు రాయించుకోండి. బల్కు కూలరు దగ్గరి జనరేటరుకూ ఇవన్నీ వర్తిస్తాయి. కరెంటు పోయిన రాత్రి పాలను కాపాడేది అదే.

పాలు పోసిన మనిషి తన వంతు శుభ్రంగా చేసి ఇంటికి పోతుంది. ఆ తర్వాత దారిలో ఆ పాలకు పూచీ మనదే. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్న మళ్లీ ఏ సంఘంలోనూ ఎవరూ అడగవలసిన అవసరం రాకూడదని కోరుతున్నాము.