కోయ ఎవరి యాస?

మా మాస్టారి పేరిట మాట్లాడమని ఆయన కుటుంబం పిలిచింది, కాదనలేకపోయాను. ఆయన పాండిత్యం గురించి అధ్యక్షులవారు చెప్పేశారు. నాకు గుర్తున్నది ఆయన గొడుగు. ఓ వానరోజు చేతికిచ్చి, తర్వాత మూడేళ్లు ఎదురుపడ్డప్పుడల్లా అడిగారు. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

రాజమండ్రిలో భాష మీద ఉపన్యాసమంటే నన్నయతో మొదలుపెట్టాలి. పెట్టాననుకోండి. ద్రావిడ భాషలు వేరే కుటుంబమని 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ అన్నదీ మీకు తెలుసు. నా పేచీ వేరు. "కోయది భాషేమిటండీ, తెలుగు యాసే కదా" అనే మాటతో. ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను, అదీ పండితుల నోట.

వాళ్లు చూపే సాక్ష్యం ఒక్కటే: కోయ నిండా తెలుగు మాటలేనట. ఉంటాయి. చింతూరు, కూనవరం సంతల్లో బేరమాడేవాళ్ల నోట ఉండవా? ఫ్రెంచి మాటలు లెక్కపెట్టి ఇంగ్లీషును ఫ్రెంచి యాస అన్నవాళ్లున్నారా? ఘానా కొండల్లో లోగ్బా అనే చిన్న భాష ఉంది. చుట్టూ ఎవే భాషే. అయినా లోగ్బా నామవాచకాల ముందు వర్గాన్ని చెప్పే ప్రత్యయాలు నిలిచే ఉన్నాయి, ఎవేలో అవి చాలావరకు అరిగిపోయాయి. ఆ రెండూ చేరే క్వా భాషల కుటుంబంలో లోగ్బా చోటు ఎక్కడన్న తగవులో అరువు మాటలు సాక్ష్యానికి రావు.

తేల్చేది వ్యాకరణం. "ఆమె వచ్చింది, ఎద్దు వచ్చింది." ఏకవచనంలో ఇద్దరినీ ఒకే గాట కట్టాం. బహువచనంలో "ఆడవాళ్లు వచ్చారు, ఎద్దులు వచ్చాయి" అని విడదీశాం. కోయ, దాని దగ్గరి చుట్టం గోండి విడదీయవు. అక్కడా మగవాళ్లు ఒక పక్క, తక్కినవన్నీ ఒక పక్క. (అమ్మలూ, నన్ను కోప్పడకండి.) దీన్నే మన పెద్దలు వచ్చీరాని తెలుగు అంటారు. మూలద్రావిడ పద్ధతి అదేనని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వాదించారు. ఎదురువాదనలున్నాయి, నేను ఆయన పక్షం. అంటే దారి మార్చింది మనం. పైగా 1961లో 'తెలుగు వెర్బల్ బేసెస్'లో ఆయన తెలుగునే తీసుకెళ్లి గోండి, కువి, కొండ భాషల సరసన కూర్చోబెట్టారు. ఇక ఎవరికెవరు యాస?

ధ్వనుల్లోనూ ఎవరి దారి వారిదే. ఉప్పు సంగతి చూడండి. గోండిలో ఒకచోట సొవర్, ఒకచోట హొవర్, దక్షిణాన ఒవర్. ఆ 'స' అరిగి 'హ' అయి మాయమైన తీరు మీద 1998లో కృష్ణమూర్తిగారు వ్యాసమే రాశారు. మన ఉప్పూ మొదటి హల్లును పోగొట్టుకున్నదే, కానీ ఎప్పుడో, వేరే దారిన.

ఇప్పుడు నా పని. గొమ్ముకోయలు, అంటే ఏటి ఒడ్డువాళ్లు, పోలవరం ముంపు నుంచి కాలనీలకు తరలుతున్నారు. చింతూరు, కూనవరం మండలాలు 2014లో మన జిల్లాలోకి వచ్చి, 2022లో అల్లూరి జిల్లాకు పోయాయి. కాలనీలో తెలుగు బడికెళ్లే పిల్ల అమ్మనీ పిన్నినీ కలిపి చెప్పేటప్పుడు ఏ క్రియ వాడుతోంది? అమ్మమ్మ వాడిందేనా, మన "-రు" లాంటిది తగిలిస్తోందా? ఇంటింటికీ తిరిగి రికార్డు చేస్తున్నాను. ఇంట్లో కోయ మాట్లాడే విద్యార్థులు ఇద్దరు కావాలి. ఈ సభ ఇచ్చిన పారితోషికం వాళ్ల బస్సు ఛార్జీలకు. శాలువా మాత్రం నేనుంచుకుంటాను, చింతూరులో రాత్రిళ్లు చలి.