కాశియు, సారనాథమును
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



కాశీయాత్రను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినారు. మన భాషలో ఈ విషయమునకు పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామయ్యగారు. వారు 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. రమారమి నూరుమంది పరివారము, పదునైదు నెలల ప్రయాణము. వారి ‘కాశీయాత్ర చరిత్ర’ చదివి పోయినవాని యాత్ర వేరు, చదువక పోయినవాని యాత్ర వేరు.

నేడు రైలెక్కి పోవుదుము. స్నానము, దర్శనము, గంగచెంబు కాగానే తిరుగుముఖము పట్టుదుము. ఇంకొక్క రెండు దినములుండుడని నా మనవి.

ఒకనాడు తెల్లవారక మునుపే అస్సీఘట్టమున పడవ నెక్కవలెను. తూర్పునకు పోవలసిన గంగ ఇచ్చట వంపు తిరిగి ఉత్తరముఖముగా ప్రవహించును. పడమటి గట్టు ఎత్తైనది, గట్టినేల. పాత పట్టణమంతయు దానిమీదనే. తూర్పు గట్టు వరదకు మునుగు ఇసుకతిన్నె. కావుననే ప్రాతఃకాలపు ఎండ అడ్డులేక ఘట్టములన్నింటి మీద పడును. మెట్లపై నిలిచినవానికి ఈ శోభ కనబడదు, నీటి నడుమనుండి చూడవలెను. కేదారఘట్టము చెంత విజయనగర ప్రభువుల పేరిట నొక ఘట్టము కలదు. ఆ దాపున మన తెలుగు మాట వినబడును. వానకాలమున మెట్లు మునిగి పడవలు నిలిచిపోవును. పుష్యమున మంచు కప్పును. కార్తికము మేలు.

మఱునాడు సారనాథము. ఉత్తరముగా సుమారు 10 కిలోమీటర్లు. శుక్రవారము పోవలదు, మ్యూజియమునకు సెలవు. బుద్ధుడు తొలి ధర్మోపదేశము చేసిన చోటు ఇదియే. 1905లో త్రవ్వకములందు బయల్పడిన అశోకుని సింహశీర్షము ఇచ్చట నున్నది. 1950 జనవరి 26న రాజ్యచిహ్నమై, మన చేతిలోని రూపాయి మీద నిలిచిన సింహములు ఇవియే. రూపాయి మీద మూడే కనబడును. నాలుగవదానిని ఇచ్చట చూడవలెను.

వెలుపల ధమేఖ్ స్తూపము ఠీవిగా నిలిచియున్నది. దానికి కొంత దూరమున ఒక గుండ్రని ఇటుక పునాది కలదు. యాత్రికులు దానివంక చూడకయే పోవుచుందురు. అది ధర్మరాజిక స్తూపము. 1794లో కాశీ ప్రముఖుడు జగత్ సింగు మనుషులు పేట కట్టుటకై ఇటుకల కొఱకు దానిని పడగొట్టిరి. లోపల రాతిపెట్టెలో అస్థికలు దొరకినవి. వారు వానిని గంగలో కలిపివేసిరి. అది ద్వేషముచేత కాదు. ఎవరివో తెలియని అస్థికలకు వారెఱిగిన మర్యాద అదియే.

ఇది పరులమాట అనుకొనవలదు. ఆ దశాబ్దముననే అమరావతిలో, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి పట్టణ నిర్మాణమునకు దీపాలదిన్నెను త్రవ్వి ఇటుకలు, చలువరాతి పలకలు కొనిపోయిరి. 1797లో మెకంజీ దొర వచ్చి చూచునప్పటికే స్తూపము చెదరినది. మిగిలిన పలకలలో పెక్కు నేడు లండనులోను, చెన్నైలోను ఉన్నవి.