రోజులు లెక్కపెట్టే మనం రక్తాన్నీ లెక్కపెడదాం

(ముస్లిం మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉదయం నుండి ఈ వేదికపై రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉపకార వేతనాల గురించి పెద్దలు వివరంగా ప్రసంగించారు. మేము ప్రస్తావించబోయే విషయం సాధారణంగా ఇటువంటి సభల్లో వినిపించదు. నెలసరిలో అధిక రక్తస్రావం, దానివల్ల శరీరంలో ఇనుము తరిగిపోవడం మా అంశం. ఈ మాట చెవిన పడగానే సోదరులు లేచి వెళ్ళవలసిన అవసరం లేదు. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి, ఏ పరీక్షకు ఎంత ఖర్చు పెట్టాలి అన్న నిర్ణయాలు మన ఇళ్ళలో చాలావరకు మీ చేతుల్లోనే ఉన్నాయి. కనుక ఈ మాటలు మీకోసం కూడా.

బస్తీల్లో ఇంటింటికీ తిరిగి స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడే కొద్దిమందిమి మేము. మాలో ఒక ఆపా ఉన్నారు. పిల్లలకు ఖురాన్ పఠనం నేర్పుతారు. రమజాన్‌లో నెలసరి వల్ల తప్పిపోయిన రోజాల సంఖ్యను ఏటేటా ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం ఆమెకు అలవాటు. తరువాత ఖజా తీర్చుకోవాలి కదా! మొదటి పేజీల్లో ఆరు, ఏడు అని ఉంది. కొన్నేళ్ళకు ఎనిమిది అయింది. ఆ తరువాత ప్రతి యేడూ పది. పదికి మించి ఎన్నడూ రాయలేదు. ఎందుకంటే పది రోజులు దాటాక ఆమె గుస్ల్ చేసి నమాజు చదివేవారు, రోజా పాటించేవారు. రక్తం మాత్రం ఆగేది కాదు.

ఒకనాడు మేడమెట్లు ఎక్కుతూ ఆమె కుప్పకూలిపోయారు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. స్త్రీకి కనీసం పన్నెండు ఉండాలి. ఆ నోటు పుస్తకం మేమందరం చూసినదే. ఆమె నిష్ఠను మెచ్చుకున్నాం. అందులో ఒక జబ్బు ఏళ్ళ తరబడి తన లెక్క తానే చెబుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఈనాడు మేము మీ ముందు నిలబడటానికి కారణం ఆ సిగ్గే.

అధిక రక్తస్రావం అంటే ఏమిటో ముందుగా చెప్పుకుందాం. సాధారణంగా ఒక నెలసరిలో 30 నుండి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 మిల్లీలీటర్లు దాటితే అధికమని వైద్యశాస్త్రం చెబుతోంది. ఇంట్లో ఎవరూ కొలవలేరు. కనుక గుర్తులు తెలుసుకోవాలి. ఏడు రోజులకు మించి స్రావం సాగడం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ గానీ గుడ్డ గానీ పూర్తిగా తడిసిపోవడం, రాత్రి నిద్రలో లేచి మార్చుకోవలసి రావడం, రూపాయి నాణెం అంత లేదా అంతకన్నా పెద్ద గడ్డలు పడటం, పరుపు పాడవుతుందని భయపడటం, ఆ రోజుల్లో పెళ్ళికీ పనికీ బడికీ వెళ్ళలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి నెలనెలా జరుగుతున్నా అది వైద్యునికి చెప్పవలసిన విషయమే. "మా అమ్మీకీ ఇలాగే ఉండేది, మా ఖాలాకూ ఇలాగే ఉండేది" అని సరిపెట్టుకుంటాం. తల్లికీ కూతురికీ ఒకే బాధ ఉందంటే ఇద్దరికీ పరీక్ష అవసరమని అర్థం చేసుకోవాలి.

ఇక ఇనుము లెక్క చూద్దాం. ఇది ఇంటి జమాఖర్చు వంటిదే. మనం తినే ఆహారం నుండి శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుమును మాత్రమే గ్రహించగలదు. నెలకు 30 నుండి 60 మిల్లీగ్రాములు జమ. చర్మం, పేగుల ద్వారా రోజూ దాదాపు ఒక మిల్లీగ్రాము పోతూనే ఉంటుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. అంటే 80 మిల్లీలీటర్ల రక్తం పోయిన స్త్రీ, ఆ ఒక్క నెలసరిలోనే 40 మిల్లీగ్రాములు ఖర్చు చేసింది. ఇంత ఖర్చుకు ఆ జమ చాలదు. అప్పుడు శరీరం దాచుకున్న నిల్వను తీసి వాడుకుంటుంది. నిల్వ అయిపోయాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది. అందుకే హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నీరసం తగ్గని స్త్రీలు ఫెరిటిన్ పరీక్ష గురించి వైద్యుని అడగాలి. నిల్వ ఎంత ఉందో చెప్పేది ఆ పరీక్షే.

ఇనుము తరిగిన స్త్రీ ఎలా ఉంటుంది? నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె దడ. జుట్టు రాలడం. కళ్ళు తిరగడం. చదివినది గుర్తుండకపోవడం. పచ్చి బియ్యం, బలపం, మట్టి, మంచుముక్కలు తినాలనిపించడం. ఇటువంటి ఆడపిల్లను మనం బద్ధకస్తురాలంటాం. కోడలైతే పని ఎగ్గొడుతోందంటాం. బలపం తింటోందని తిడతాం. ఆ పిల్లను తిట్టే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు దేశంలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇది ఏ ఒక్క మతానికో చెందిన బాధ కాదు. అయితే మన ఇళ్ళలో మౌనం దీనికి తోడవుతోంది. ఆ మౌనానికి మనం హయా అని పేరు పెట్టుకున్నాం.

సోదరీమణులారా! హయా విశ్వాసంలో భాగమే. కానీ మన చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోండి. తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజు మానేయాలా అని హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (ర.అన్హా) స్వయంగా దైవప్రవక్త (స) వారిని అడిగారు. ఆయన ఆమెను వారించలేదు. అది నరం నుండి వచ్చే రక్తమనీ, హైజ్ కాదనీ వివరించి, ఏం చేయాలో చెప్పారు. ఆ ప్రశ్న హదీసు గ్రంథాల్లో నిలిచింది. దాని ఆధారంగా మన ఫిఖహ్ పండితులు హైజ్‌కూ ఇస్తిహాజాకూ మధ్య గీత గీశారు. హనఫీ మస్లక్ హైజ్‌కు గరిష్ఠంగా పది రోజులు, షాఫయీ మస్లక్ పదిహేను రోజులు నిర్ణయించాయి. పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం ఒక స్త్రీ అడగగలిగిన ప్రశ్నను ఈనాడు మన కూతురు తల్లిని అడగలేకపోతే, ఆ లోపం హయాది కాదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఇస్తిహాజాలో ఉన్న స్త్రీ నమాజు చదవాలన్నది ఆరాధనకు సంబంధించిన ఆదేశం. నమాజుకు అనుమతి ఉంది కాబట్టి ఆరోగ్యం బాగున్నట్టే అనుకోవడం మన పొరపాటు. మా ఆపా విషయంలో జరిగినది అదే. ఆరాధన సంగతి ఆలిమ్‌ను అడగాలి, రక్తం ఎందుకు ఆగడం లేదో వైద్యుని అడగాలి.

ఎందుకు ఆగదు? గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డలు గానీ పాలిప్‌లు గానీ ఉండవచ్చు. థైరాయిడ్ మందగించి ఉండవచ్చు. అండం సక్రమంగా విడుదల కాకపోవచ్చు. కాపర్-టీ వల్ల కావచ్చు. రజస్వల అయిన తొలి నెలల నుండే విపరీతంగా పోతున్న ఆడపిల్లకు రక్తం గడ్డకట్టే గుణంలో పుట్టుకతో లోపం ఉండవచ్చు. చిన్న దెబ్బకే కమిలిపోవడం, తరచుగా ముక్కు నుండి రక్తం కారడం కూడా ఉంటే తప్పక వైద్యునికి చెప్పండి. 45 ఏళ్ళు దాటిన స్త్రీలలో కొత్తగా మొదలైతే క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవాలి. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క కనిపించినా, గర్భిణికి రక్తం కనిపించినా, గంటకో ప్యాడ్ తడుస్తూ కళ్ళు తిరుగుతున్నా తెల్లవారేదాకా ఆగవద్దు.

దీనికి చికిత్సలు ఉన్నాయి. రక్తస్రావం ఉన్న రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలున్నాయి. హార్మోన్ మాత్రలున్నాయి. గర్భాశయంలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. గడ్డలను మాత్రమే తొలగించే శస్త్రచికిత్స ఉంది. ఏది ఎవరికి తగినదో వైద్యులే నిర్ణయించాలి. కానీ మన రెండు రాష్ట్రాల్లో "గర్భసంచి తీసేయండి, పీడా పోతుంది" అన్న మాట ముందుగా వినిపిస్తోంది. 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త ఎక్కువ ఉంటే, ఇక్కడ దాదాపు 8, 9 శాతం ఉన్నారు. అనవసరంగా గర్భసంచి తొలగించడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగానే అవసరం కావచ్చు. అయినా సంతకం పెట్టే ముందు "వేరే చికిత్స ప్రయత్నించామా?" అని అడగండి, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోండి. అది మీ హక్కు.

ఇనుము మాత్రల గురించి నాలుగు మాటలు. వాటితో మలం నల్లబడుతుంది, భయపడనక్కరలేదు. చాయ్‌తో, పాలతో, క్యాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతో వేసుకోవడం మంచిది. కడుపులో తిప్పితే మానేయకుండా వైద్యునికి చెప్పండి, రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతీ ఉంది. హిమోగ్లోబిన్ సరైన తరువాత కూడా నిల్వ నిండటానికి సుమారు మూడు నెలలు వాడాలి. మాత్రలు పడనివారికి నరం ద్వారా ఇనుము ఎక్కించే వీలుంది. ఎంత వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే తలసీమియా వాహక లక్షణం ఉందేమో పరీక్షించాలి. మేనరికాలు చేసుకునే కుటుంబాలు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

రమజాన్‌లో మాత్ర ఇఫ్తార్ తరువాతో సహరీలోనో వేసుకోవచ్చు, రోజాకు ఆటంకం లేదు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. నెలసరిలో రోజా నుండి అల్లాహ్ స్త్రీకి మినహాయింపు ఇచ్చాడు. కానీ ఇంట్లో మామగారికీ మరదులకూ తెలిసిపోతుందని ఎందరో కోడళ్ళు ఆ రోజుల్లోనూ పగలంతా పస్తుంటున్నారు, లేదా వంటగది తలుపు చాటున రెండు ముద్దలు మింగి వస్తున్నారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును మన ఇంటి మర్యాద వెనక్కి తీసుకుంటోంది. అత్తలు తలచుకుంటే ఈ ఆచారం ఒక్క రమజాన్‌లో మారిపోతుంది.

వంటింటి సంగతి కూడా చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము, పురుషునికి 19 మిల్లీగ్రాములు అవసరమని చెప్పింది. స్త్రీకే ఎక్కువ కావాలి! మాంసంలోని ఇనుమును శరీరం తేలికగా గ్రహిస్తుంది. మరి సాలన్ వండిన రోజున ముక్కలు ఎవరి పళ్ళెంలోకి వెళుతున్నాయి, చివరికి తినే ఆమెకు ఏం మిగులుతోంది? మాంసం కొనలేని ఇంట్లో పప్పు, ఆకుకూర, శనగలపై నిమ్మకాయ పిండుకోవాలి. భోజనం కాగానే చాయ్ తాగే అలవాటును ఒక గంట వెనక్కి జరపాలి. అయితే అధిక రక్తస్రావం ఉన్న స్త్రీకి తిండి ఒక్కటే చాలదు. ఖర్చును ఆపకుండా జమను పెంచితే ఖాతా నిండదు.

చివరగా కార్యకర్తలకు మా విన్నపం. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఆరవ తరగతి నుండి పిల్లలకు వారానికొక నీలిరంగు ఇనుము మాత్ర ఇవ్వాలి. బడికి వెళ్ళని ఆడపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఇవ్వాలి. మన బాలికల మదర్సాలకు అవి చేరుతున్నాయా? చేరకపోతే మదర్సా కమిటీ సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి లిఖితపూర్వకంగా వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోవాలి. వారానికొక మాత్ర నివారణకే సరిపోతుంది. ఇప్పటికే రక్తహీనత ఉన్న బాలికకు చికిత్స వేరుగా కావాలి. కాబట్టి మాత్రలతో పాటు హిమోగ్లోబిన్ పరీక్ష కూడా కోరండి. బస్తీ దవాఖానాకు వెళ్ళి, అక్కడ ఏ పరీక్షలు ఉచితమో, మహిళా వైద్యురాలు ఏ రోజున ఉంటారో తెలుసుకుని మసీదు నోటీసు బోర్డుపై రాయండి. బీడీలు చుట్టే, జర్దోజీ కుట్టే సోదరీమణులు రోజు కూలి పోతుందని ఆసుపత్రికి వెళ్ళరు. వారి వెంట ఒకరు వెళ్ళే ఏర్పాటు చేయండి. పరీక్షలకు స్తోమత లేని వారికి జకాత్ నిధి నుండి సాయం చేసే విషయం ఉలమాతో సంప్రదించండి.

మా ఆపా ఇప్పుడు కోలుకున్నారు. ఫైబ్రాయిడ్ గడ్డలకు చికిత్స జరిగింది. ఆమె నోటు పుస్తకంలో ఇప్పుడు రెండు వరుసలున్నాయి. ఒక వరుసలో తప్పిపోయిన రోజాలు, రెండవ వరుసలో రక్తం కనిపించిన రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్‌లు మార్చారో ఆ సంఖ్య. వైద్యురాలు ముందుగా అడిగేది ఆ రెండవ వరుసనే. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ కూతురికి, కోడలికి, చెల్లెలికి ఒక చిన్న నోటు పుస్తకం ఇవ్వండి. మొదటి వరుస రాయడం వారికి తెలుసు. రెండవ వరుస రాయడం మీరు నేర్పండి.

అల్లాహ్ మన తల్లులకు, సోదరీమణులకు, కూతుళ్ళకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్. వస్సలామ్.