అరిచే పత్రిక: వైట్స్‌బర్గ్‌లో ఒక కుటుంబం



పత్రికల చరిత్ర అనగానే మన మనసు కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, గోలకొండ పత్రికల మీదికి పోతుంది. పోవలసిందే. స్థానిక పత్రికల మీద జరుపుకుంటున్న ఈ సదస్సులో మాత్రం నేను బాగా దూరం వెళ్లి, ఇవాళ రెండు వేల జనాభా కూడా లేని ఒక ఊరి వారపత్రిక గురించి మాట్లాడతాను. ఊరి పేరు వైట్స్‌బర్గ్. అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి తూర్పు కొసన, అపలాచియన్ కొండల మధ్య, లెచర్ కౌంటీకి ముఖ్యపట్టణం. పత్రిక పేరు 'ది మౌంటెన్ ఈగిల్'. 1907లో మొదలైంది.

అది బొగ్గు సీమ. సింగరేణి ప్రాంతం నుంచి వచ్చిన మిత్రులకు ఆ జీవితం గురించి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర ఏజెంట్లు ఆ కొండల్లోకి వచ్చి, చదువురాని రైతుల చేత దస్తావేజుల మీద సంతకానికి బదులు గుర్తులు పెట్టించుకున్నారు. ఎకరానికి అర డాలరు ఇచ్చి భూమి కింద ఉన్న ఖనిజాన్నంతా కొనేసిన సందర్భాలున్నాయి. పైనేల రైతుదే అన్నారు. యాభై అరవై ఏళ్ల తర్వాత పెద్ద పెద్ద యంత్రాలొచ్చాయి. బొగ్గు తీయడానికి పైనున్న చెట్టూ చేమా, చేనూ తవ్విపారేసే హక్కు కూడా ఆ పాత కాగితంలోనే ఉందని కంపెనీలు వాదించాయి. చాలాకాలం కోర్టులు ఆ వాదనే ఒప్పుకున్నాయి. ఓపెన్‌కాస్ట్ అంటే ఏమిటో తెలిసిన వాళ్లకు ఆ రైతు గోడు తేలిగ్గానే అర్థమవుతుంది.

ఈ పత్రికను 1956లో టామ్ గిష్, పాట్ గిష్ అనే దంపతులు కొన్నారు. టామ్ ఆ కౌంటీలోనే, సీకో అనే బొగ్గు కంపెనీ కాలనీలో పుట్టినవాడు. రాష్ట్ర రాజధానిలో వార్తాసంస్థకు పనిచేశాడు. పాట్ లెక్సింగ్టన్ నగరంలో దినపత్రిక విలేకరి. అంతవరకు ఆ పత్రిక మొదటి పేజీలో పేరు కింద, ఇది అందరితో స్నేహంగా ఉండే, ఏ పార్టీకీ చెందని వారపత్రిక అని రాసి ఉండేది. కొత్త యజమానులు దాన్ని తీసేసి రెండు ముక్కలు వేశారు: 'ఇది అరుస్తుంది!'

వాళ్లు చేసిన మొదటి పని చాలా మామూలుది. స్కూలు బోర్డు సమావేశానికి వెళ్లి కూర్చుని, ఎవరేమన్నారో రాసి అచ్చువేశారు. అంతకుముందు ఆ ఊళ్లో ఆ పని చేసినవాళ్లు లేరు. ఉద్యోగాలు ఎవరి బంధువులకు పోతున్నాయో, సొమ్ము ఎటు పోతోందో జనానికి తెలియడం పెద్దలకు గిట్టలేదు. పత్రికవాళ్లు లోపలికి రాకుండా తీర్మానం చేశారు. ప్రకటనలు ఆపించారు. పత్రికకు వార్తలు ఇచ్చేవాళ్లనూ బెదిరించారు. ప్రజాసంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలన్న చట్టం కెంటకీలో 1974లో గాని రాలేదు. అప్పటికి పదిహేడేళ్లుగా ఈ దంపతులు ఆ హక్కు కోసం తలుపుల దగ్గర పోట్లాడుతూనే ఉన్నారు.

అదే సంవత్సరం ఆగస్టు 1న పత్రిక ఆఫీసుకు నిప్పు పెట్టారు. రాత్రిపూట వీధుల్లో తిరిగే కుర్రాళ్లతో ఊరి పోలీసుల తీరు ఎలా ఉందో పత్రిక రాసిన రోజులవి. చివరికి ఆ కుట్రలో ఊరి పోలీసు ఒకరిని కోర్టు దోషిగా తేల్చింది. తర్వాతి సంచికను గిష్‌లు తమ ఇంట్లో కూర్చుని తయారుచేశారు. ఒక్క వారం కూడా తప్పలేదు. మొదటి పేజీలో పేరు కింద మాట మాత్రం మారింది: 'ఇది ఇంకా అరుస్తుంది!'

రెండేళ్లు తిరక్కుండా, 1976 మార్చి 9న, మళ్లీ 11న, అదే కౌంటీలోని స్కోషియా గనిలో మీథేన్ పేలి 26 మంది చనిపోయారు. వారిలో ముగ్గురు ప్రభుత్వ తనిఖీ అధికారులు. బయటి విలేకరులు వచ్చారు, వెళ్లిపోయారు. చనిపోయినవాళ్ల ఇళ్ల పక్కనే తర్వాత కూడా బతికింది ఈ పత్రికే.

పోరాటం గురించి ఇంత చెప్పాను గాని, సాహిత్యం వాడిగా నన్ను అంతకన్నా ఎక్కువగా పట్టుకున్నది లోపలి పేజీలు. కొండలోయల్లోని పల్లెల నుంచి ఆడవాళ్లు వారం వారం ఉత్తరాలు రాసేవారు. ఎవరికి జ్వరం, ఎవరింటికి ఎవరొచ్చారు, చిక్కుడు ఎలా కాసింది, వాన పడిందా లేదా. వాళ్లు మాట్లాడే యాసలోనే రాశారు. సంపాదకులు దాన్ని బడి భాషలోకి దిద్దలేదు. బయటి ప్రపంచం ఎగతాళి చేసిన యాస అది. దానికి వారం వారం అచ్చులో చోటిచ్చిన ఆ నిర్ణయాన్ని నేను స్కూలు బోర్డు పోరాటంతో సమానంగా గౌరవిస్తాను. మన దగ్గర మాండలికాల కోసం వాదించిన వాళ్లంతా ఆ పేజీలు చూసి ఉంటే ఎంత బాగుండేదో.

కుటుంబం చేతిలో ఉన్నంత మాత్రాన పత్రిక నిజాయితీగా ఉంటుందని నేను అనను. ఊరి షావుకారుకు వియ్యంకుడైన సంపాదకుడు ఏమి రాయడో మనందరికీ తెలుసు. గిష్‌ల బలం వేరే చోట ఉంది. వాళ్లకు పైన యజమాని లేడు. కింద అప్పులున్నాయి. పిల్లలు అదే ఊరి బడిలో చదివారు. రాసిన మాటకు మర్నాడు బజారులో జవాబు చెప్పుకోవలసిందే. టామ్ 2008లో, పాట్ 2014లో కన్నుమూశారు. వాళ్ల కొడుకు బెన్ సంపాదకుడుగా ఆ పని అందుకున్నాడు.

మనకు దగ్గరి పోలిక నెల్లూరు 'జమీన్ రైతు'. జమీందారీ రైతుల పక్షాన పుట్టి, ఒకే కుటుంబం తరాలుగా నడుపుతున్న వారపత్రిక అది. సాహిత్య పరిశోధకుడు బంగోరె అక్కడ పనిచేశారు. దాని పాత సంచికలు చాలావరకు నేడు ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. ఆ అదృష్టం లేని పత్రికలు మన ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. వాటి బైండు పుస్తకాలు మిద్దెల మీద, మూతపడ్డ ప్రెస్సుల్లో చెదలు తింటున్నాయి. పరిశోధక విద్యార్థులు సంపాదకీయాల మీద వ్యాసాలు రాస్తున్నారు. కోర్టు నోటీసులు, మార్కెట్ ధరలు, ఊరి ఉత్తరాల జోలికి మాత్రం పోవడంలేదు. రైతు ఎప్పుడు అప్పులపాలయ్యాడో, ఏ చెరువు ఎప్పుడు ఎండిందో తెలిసేది వాటిలోనే.

అందుకే ఈ సదస్సు ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చినవారిలో ఎవరింట్లోనైనా, ఎవరి ఊళ్లోనైనా అలాంటి పాత సంచికలు ఉంటే పత్రిక పేరు, ఊరు, ఉన్న సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి సాయంత్రంలోగా నిర్వాహకులకు ఇవ్వండి. జిల్లాలవారీగా జాబితా తయారుచేద్దాం. స్కానింగుకు ఎంతవుతుందో రేపటి ముగింపు సమావేశంలో లెక్క వేసుకుందాం. మొదటి పత్రం సమర్పించేవారు వేదిక మీదికి రావాలని కోరుతున్నాను.