గోడ మీద కాగితపు పట్టీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  

సైన్సు, ఇంజనీరింగు రంగాల్లో బోధన, పరిశోధనలనే వృత్తిగా ఎంచుకుంటే ఎలా ఉంటుందో చెప్పమని సంఘం కార్యదర్శిగారు నన్ను అడిగారు. పొద్దున ఫొటోలు తీసుకునేటప్పుడు పదో తరగతి అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చి, "సార్, అందరూ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. మీరు మట్టి మీద పీహెచ్‌డీ చేశారట. ఎందుకు సార్?" అన్నాడు. వాడికి జవాబు చెబితే కార్యదర్శిగారి అంశం కూడా పూర్తవుతుందని నాకనిపించింది.

ఆ జవాబు ఈ బళ్లోనే ఉంది. తూర్పు వైపు పాత గదుల్లో మా తొమ్మిదో తరగతి గది నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేసవి వచ్చేసరికి కిటికీ మూల నుంచి కప్పు దాకా గోడ బీట తీసేది. వానలు పడ్డాక ఆ బీట దాదాపు మూసుకుపోయేది. కాని అప్పుడు తలుపు బిగుసుకుపోయేది. సెలవుల్లో మేస్త్రీ వచ్చి సిమెంటు పూసి వెళ్లేవాడు. మరుసటి వేసవికి దాని పక్కనే ఇంకో బీట.

మా సైన్సు మాస్టారు ఒకరోజు ఆ బీటకు అడ్డంగా ఒక కాగితపు పట్టీ అంటించి, దాని మీద తేదీ వేశారు. పది రోజుల్లో పట్టీ చిరిగింది. అప్పుడు బీటకు అటొకటి ఇటొకటి రెండు మేకులు కొట్టించి, ప్రతి శనివారం వాటి మధ్య దూరం కొలిచి రాయమని నాకూ ఇంకో ఇద్దరికీ అప్పగించారు. వాన పడితే అదీ రాయాలి. ఏడాది తిరిగేసరికి మా నోటు పుస్తకంలో అంకెలు ఒక కథ చెప్పాయి. వానలకు దూరం తగ్గుతోంది, ఎండలకు పెరుగుతోంది. "గోడది తప్పు కాదురా, కింద నేల కదులుతోంది" అన్నారు మాస్టారు. ఆయన ఇప్పుడు మొదటి వరసలోనే ఉన్నారు. పేరు చెబితే కోప్పడతారు కాబట్టి చెప్పను.

మన నల్లరేగడి సంగతి రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. ఎండలకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. అందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పలచని పొరల మధ్యకి నీరు చేరితే పొరలు ఎడం జరిగి మట్టి ఉబ్బుతుంది. నాలుగంతస్తుల మేడ తన బరువుతో దాన్ని చాలావరకు అణిచి పెట్టగలదు. ఒక్క అంతస్తు బడికి, ప్రహరీ గోడకి, కాలువ లైనింగుకి, రోడ్డుకి అంత బరువు లేదు. అందుకే ఈ నేలల్లో చిన్న ఇల్లు కట్టుకున్నవాడి గోడే ముందు పగులుతుంది. నేను మట్టి మీద ఎందుకు చదివానంటే, ఇందుకు.

అయితే ఆ దారిలోకి నేను నేరుగా రాలేదు. బీటెక్ సివిల్ కాగానే మూడేళ్లు కాలువ పనుల్లో సైటు ఇంజనీరుగా చేశాను. పరిచిన లైనింగు పలకలు ఏడాది తిరక్కుండా పైకి లేచి విరగడం కళ్లారా చూశాను. మేం చేసింది కూడా ఆ మేస్త్రీ పనే. పగిలినచోట పూయడం, బిల్లు పెట్టడం. అప్పుడు గేట్ పరీక్ష రాసి ఎంటెక్‌లో చేరాను. తరవాత పీహెచ్‌డీ. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నా తోటివాళ్లు అమెరికా నుంచి ఫోన్లు చేస్తున్నారు, స్థలాలు కొంటున్నారు. ఇంట్లో మా ఆవిడ జీతంతో రోజులు గడిచేవి. "ఇంకా ఎన్నాళ్లు రా ఈ చదువు?" అని మా నాన్న ఒక్కసారే అడిగారు. ఆ ఒక్కసారే నాకు చాలాకాలం గుచ్చుకుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు వేదికల మీద చెప్పలేదు. పీహెచ్‌డీలో నేను నల్లరేగడిలో ఊక బూడిద కలిపి, ఉబ్బు ఎంత తగ్గుతుందో కొలిచేవాణ్ని. ఒక్కో నమూనాకు రోజులు పట్టే పరీక్ష అది. ఉత్త మట్టి మీద పరీక్షలు చలికాలంలో చేశాను. బూడిద కలిపిన మట్టి మీద వేసవిలో చేశాను. ఫలితాలు అదిరిపోయాయి. వ్యాసం రాసి జర్నల్‌కు పంపాను. వానలు మొదలయ్యాక ఎందుకో రెండు నమూనాలు మళ్లీ చేస్తే ఉబ్బు అంతకుముందుకన్నా చాలా ఎక్కువ వచ్చింది. ఆరా తీస్తే తెలిసింది. ఆ వేసవిలో నీటి ఎద్దడి వల్ల ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. క్యానులో బోరు నీళ్లు పోశారు, నేను వాడేశాను. నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే ఈ మట్టి తక్కువ ఉబ్బుతుంది. బూడిద చేసిందనుకున్న పనిలో చాలా భాగం బోరు నీళ్లు చేసినదే. నా నోటు పుస్తకంలో అన్నీ ఉన్నాయి, ఏ నీళ్లు వాడానన్నది తప్ప. తొమ్మిదో తరగతిలో వాన పడిన రోజు కూడా రాసినవాణ్ని, పీహెచ్‌డీలో అది మరిచాను.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వ్యాసం అచ్చవుతుంది, డిగ్రీ వస్తుంది. చెబితే ఎనిమిది నెలల పని పోతుంది, ఫెలోషిప్పు గడువు దగ్గర పడుతోంది. మూడో రోజు మా గైడు గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఇవాళే జర్నల్‌కు రాసి వ్యాసం వెనక్కి తీసుకో. ఆ తరవాత నీళ్ల మీదే ఒక అధ్యాయం రాయి" అన్నారు. అలాగే చేశాను. డిగ్రీ ఏడాది ఆలస్యమైంది. నా సిద్ధాంత గ్రంథంలో నలుగురూ చదివిన అధ్యాయం అదొక్కటే. కాలువ కట్ట మీదైనా, ఇంటి పునాదిలోనైనా ఆ మట్టికి తగిలేది డిస్టిల్డ్ వాటర్ కాదు కదా!

పాఠం చెప్పడం వేరు, పరిశోధన వేరు అని చాలామంది అనుకుంటారు. సి.ఆర్. రావు గారి సంగతి చూడండి. గూడూరు, నూజివీడు, నందిగామ లాంటి ఊళ్ల బళ్లలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కొన్నాళ్లకు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా, చాలా పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితాన్ని చిన్న నమూనాలకు కూడా నిరూపించవచ్చా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ రాత్రే కూర్చుని ఆయన దానికి జవాబు కనిపెట్టారు. కొలతల నుంచి ఒక విలువను అంచనా కట్టేటప్పుడు పొరపాటును ఎంతకన్నా తగ్గించలేమో చెప్పే హద్దు అది. 1945లో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావు హద్దు అంటోంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకు స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. దీనంతటికీ మూలం తరగతిలో ఒక పిల్లవాడి ప్రశ్న. కాబట్టి టీచర్లకు నా మనవి ఒకటే. "సిలబస్‌లో లేదు, కూర్చో" అనకండి.

ఇక పిల్లలకు, తల్లిదండ్రులకు నాలుగు పనికొచ్చే మాటలు.

సైన్సు చదవాలంటే దారులు చాలా ఉన్నాయి. ఇంటర్ కాగానే ఐసర్‌లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవొచ్చు. మన తిరుపతిలోనే ఒకటుంది. డిగ్రీ చేసి, జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఇంజనీరింగువాళ్లకు గేట్ ఉంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది. సైన్సువాళ్లకు నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే, 2023 నుంచి నెలకు 37,000. "ఇంకా ఎన్నాళ్లు చదివించాలి?" అని భయపడే తండ్రులు ఈ లెక్క తెలుసుకోవాలి. ఒక దశ దాటాక చదువే తన ఖర్చు తాను పెట్టుకోగలదు.

పీహెచ్‌డీకి వెళ్లేటప్పుడు సంస్థ పేరు ఒక్కటే చూడకండి, గైడును చూడండి. ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్నవాళ్లతో టీ తాగుతూ ఒక గంట మాట్లాడండి. నిజం అక్కడ తెలుస్తుంది. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయన్న లెక్కలో పడకండి. డబ్బు తీసుకుని ఏదైనా వేసే జర్నళ్లు ఉన్నాయి. వాటిలో వేసుకున్నది బయోడేటాకు తప్ప దేనికీ పనికిరాదు.

కష్టాలూ దాచను. పట్టా చేతికి రాగానే ఉద్యోగం రాదు. శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ముప్పై ఐదేళ్లకు కూడా అద్దె ఇంట్లోనే ఉండొచ్చు. అనుకున్న కుర్చీ దొరకనూ పోవచ్చు. భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ పనులు అక్కడే జరిగాయి. కుర్చీ మారింది, ప్రశ్న మారలేదు.

నా వరకు నాకు తృప్తి ఎక్కడుందని అడిగితే, అది జీతంలోనూ లేదు, బిరుదుల్లోనూ లేదు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఇప్పుడు ఇంజనీరు. కిందటేడు ఫోన్ చేసి, "సార్, ఇక్కడ నల్లరేగడిలో బడి కడుతున్నాం. పునాది లోతుగా తీయించాను, కింద మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించాను" అంది. ‘నీళ్లు’ అన్న మాట విన్నాక నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

పొద్దున మన బడి ప్రహరీ చుట్టూ తిరిగి చూశాను. పడమటి వైపు ఒక బీట ఉంది. దానికి సిమెంటు పూయించే ముందు ఒక్క ఏడాది ఆగమని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. ఒక వెర్నియర్ కాలిపర్సు, ఒక పెద్ద నోటు పుస్తకం వారికి ఇచ్చి వెళ్తున్నాను. నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయి ప్రతి శనివారం కొలవాలి. వాన పడితే అదీ రాయాలి.

మొదటి పట్టీ మాత్రం మా మాస్టారి చేత్తోనే అంటించాలి.