ఆపద రాత్రికి ఒక రేడియో

2021 నవంబరు వానలకు చిత్రావతి పొంగింది. చిక్కబళ్ళాపురం జిల్లాలో చెరువులు మరవ పారాయి. అలాంటి రాత్రి కరెంటు పోయి, ఫోను ఛార్జి కూడా అయిపోతే కబురు ఎలా తెలుస్తుంది? సెల్లులతో నడిచే చిన్న రేడియో ఇంట్లో ఉండాలి.

ఎలాంటిది కొనాలి? ఎఫ్.ఎం. ఒక్కటే ఉన్నది చాలదు. అనంతపురం స్టేషన్ 101.7 ఎఫ్.ఎం. మీద పలుకుతుంది, కానీ ఎఫ్.ఎం. దాదాపు చూపు పోయినట్టు సూటిగా పోతుంది, కొండ అడ్డమొస్తే సన్నగిల్లుతుంది. బాగేపల్లి చుట్టుపక్కల కొండలే కదా! మీడియం వేవ్ నేలను అంటి సాగుతుంది, రాత్రిళ్ళు ఇంకా దూరం అందుతుంది. రెండూ ఉన్నదే తీసుకోండి.

సెల్లులు మీ ఊరి అంగడిలో దొరికేవే కావాలి. చేత్తో తిప్పే పిడి, సోలారు పలక ఉంటే మంచిదే. వాటికోసం అప్పు చేయనక్కరలేదు.

చింతామణి అంగట్లో బాగా పలికిన రేడియో మీ ఇంట్లో పలకకపోవచ్చు. పలకకుంటే వెనక్కి తీసుకుంటారా అని అడిగి కొనండి. మీడియం వేవ్ పెట్టి, రేడియోను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. దాని ఏరియల్ పెట్టె లోపలే ఉంటుంది. స్పష్టంగా వినిపించే చోటు గుర్తు పెట్టుకోండి.

వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన ఉంచండి. లోపలే ఉంటే కారి రేడియో చెడుతుంది. నెలకొకసారి పెట్టి వినండి. వాన మొదలయ్యాక వెదుక్కునే రేడియో ఇంట్లో లేనట్టే. సెలవు.